నచ్చిన రచయితను మరొకరిచేత చదివించడం ఎలా?

“తీరిక వేళ చదువుకోవడానికి మంచి పుస్తకం ఏదైనా చెప్పండి” అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది వెంటనే ఒక జాబితా చదువుతాం. చలం, శ్రీపాద, కొడవటిగంటి, రావిశాస్త్రి, బుచ్చిబాబు అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. అడిగినవారు మర్యాదగా తల ఊపి, ఆ పేర్లన్నీ ఫోనులో రాసుకుని, ఒక్కటీ చదవకుండానే ఏడాది గడిపేస్తారు. ఉద్యోగం, ఇంటిపని, పిల్లల చదువుల మధ్య రోజుకు అరగంట చిక్కడమే గగనమైన మనిషికి అయిదుగురు పెద్ద రచయితల పేర్లు చెబితే, ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న మొదట ఉన్నచోటే ఉండిపోతుంది. కనుక ఒక మనిషికి ఒకే పుస్తకం చెప్పండి. అందులో ముందు ఏది చదవాలో, అది ఎక్కడ దొరుకుతుందో కూడా ఆ పూటే చెప్పండి. ఈ మూడింటికీ కొంత ముందస్తు ఆలోచన కావాలి.

పుస్తకం పేరు ఎత్తకముందే ఆ మనిషి గురించి కొంత తెలుసుకోవాలి. “మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?” అని అడగడం వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు అందరూ గౌరవంగా వినిపించే సమాధానమే ఇస్తారు. “మీరు చివరి పేజీ దాకా చదివిన పుస్తకం ఏది?” అని అడిగి చూడండి. కాలేజీ రోజుల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ రాత్రంతా మేలుకుని చదివానని ఒకరు అంటారు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ తప్ప మరేదీ గుర్తులేదని మరొకరు అంటారు. చిన్నప్పటి చందమామ తరువాత పుస్తకమే పట్టలేదని ఇంకొకరు ఒప్పుకుంటారు. ఈ మూడూ మీకు ఎంతో పనికివచ్చే సమాధానాలు. వీటిని విని పెదవి విరిచే సాహిత్యాభిమానులు ఉంటారు. మీరు ఆ పని చేయకండి. ఎదుటివారు మరోసారి మిమ్మల్ని పుస్తకం అడగరు.

‘తులసిదళం’ అన్నవారు కథలో వేగం కోరుకుంటారు. వారపత్రికల సీరియళ్ళలో ప్రతి వారం ఏదో ఒక ఉత్కంఠ దగ్గర కథ ఆగేది, ఆ పాఠకులు అలా నడిచే కథకే అలవాటు పడ్డారు. అటువంటివారి చేతిలో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పెడితే, దయానిధి ఆలోచనల వెంట యాభై పేజీలు నడిచి పుస్తకం మూసేస్తారు. వారికి డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఇవ్వండి. పందులను మేపుకునే ఒక ముసలివాడు తప్పిపోయిన చూడి పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ఒక్క రాత్రి కథ అది. చిన్న నవల, వేగానికి లోటు లేదు, మంచి సాహిత్యంగా దానికి పేరూ ఉంది. ‘సెక్రటరీ’ అన్నవారు మనుషుల మధ్య సంబంధాలను, ఇంట్లో జరిగే సంభాషణలను ఇష్టపడతారు కాబట్టి రంగనాయకమ్మ ‘స్వీట్ హోమ్’ వారికి హాయిగా సాగుతుంది. భార్యాభర్తల మాటల్లోని హాస్యం వెంట చదువుతూ పోతే, ఆ హాస్యం అడుగున రచయిత్రి ఏమంటున్నారో వారికే తెలుస్తుంది. చందమామ దగ్గర ఆగిపోయినవారికి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’ వంటి సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయని చెప్పండి. నలభై ఏళ్ళ వయసులో అవి చదవడం చిన్నతనం కాదు. ఆగిపోయిన చదువు అక్కడే మళ్ళీ మొదలవుతుంది.

తరువాత ఎప్పుడు, ఎక్కడ చదువుతారో అడగండి. మెట్రోలోనో, ఆఫీసు బస్సులోనో చదివేవారికి నాలుగైదు పేజీల్లో ముగిసే కథలు కావాలి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’, స్వాతి వారపత్రికలో వారంవారం వచ్చిన వంశీ ‘మా పసలపూడి కథలు’ ఆ కొలతకు సరిగ్గా సరిపోతాయి. దిగవలసిన స్టేషను వచ్చేలోగా ఒక కథ పూర్తవుతుంది. పడుకునే ముందు చదివేవారికి ఉత్కంఠ ఉన్న నవల పనికిరాదు, ఆత్మకథ గానీ వ్యాసాలు గానీ మేలు. ఏ పేజీలో ఆపినా మర్నాడు మళ్ళీ అందుకోవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ వంటి బృహద్గ్రంథాలను దీర్ఘమైన సెలవుల కోసం అట్టిపెట్టాలి.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. చదవబోయేవారి చెవికి ఏ ప్రాంతపు తెలుగు అలవాటో చూసుకోవాలి. మన మంచి రచయితల్లో అనేకులు తమ సొంత మాండలికంలో రాశారు. రావిశాస్త్రి పాత్రలు ఉత్తరాంధ్ర మాట మాట్లాడతాయి. నామిని సుబ్రమణ్యం నాయుడు చిత్తూరు పల్లె మాటలోనే కథ మొత్తం చెబుతారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో నిజాం కాలపు తెలంగాణ పల్లె తన నుడికారంతోనే పలుకుతుంది. గుంటూరులో పుట్టి పెరిగినవారు నామిని పుస్తకం తెరిస్తే మొదటి రెండు పేజీలు తడబడతారు, ‘నాకు అర్థం కావడం లేదు’ అని పక్కన పెట్టేస్తారు. ఆ తడబాటు గురించి మీరు ముందే చెప్పి, మొదటి కథను పైకి చదవమనండి. కంటికి కొత్తగా కనిపించిన మాట చెవిన పడగానే తెలిసిన మాటే అవుతుంది. మొదటి కథ అలా దాటితే మిగిలినవాటికి ఎవరి సాయమూ అక్కరలేదు. చదివేవారు ఆ జిల్లావారే అయితే మీరు ఇంకేమీ చెప్పనవసరం లేదు, వాళ్ళ నాన్నమ్మ మాట అచ్చులో చూసుకున్న సంతోషమే వాళ్ళను చివరి దాకా నడిపిస్తుంది.

రచయితలోకి దారి చూపడం

ఇక మీకు ఎంతో ఇష్టమైన రచయితను పరిచయం చేయాలనుకోండి. ఆయన రాసినవాటిలో మీరు అన్నిటికన్నా గొప్పదనుకునే పుస్తకాన్ని ముందుగా ఇవ్వకూడదు. ఆ పుస్తకం మీకు గొప్పగా కనిపించడానికి అంతకుముందు మీరు ఆయనవి అయిదారు చదివి ఉండడం కూడా ఒక కారణం. కొత్త పాఠకుడికి ఆ వెసులుబాటు లేదు. విశ్వనాథ రుచి చూపాలంటే ‘వేయిపడగలు’ కన్నా ముందు ‘ఏకవీర’ చెప్పండి. నాయకరాజుల కాలపు మధుర నేపథ్యంగా సాగే చిన్న నవల అది, ఆ వాక్యం తీరు పాఠకుడికి నచ్చుతుందో లేదో దానితోనే తేలిపోతుంది. బుచ్చిబాబును ‘నిరంతర త్రయం’, ‘ఎల్లోరాలో ఏకాంతసేవ’ వంటి కథలతో మొదలుపెట్టించి, ఆ నడక నచ్చినవారికే నవల ఇవ్వండి.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి విషయంలో దీన్ని కొంచెం వివరంగా చూపుతాను, ఎందుకంటే బాగా ఇష్టపడినవారు కూడా ఆయన్ను సరిగా పరిచయం చేయలేకపోవడం తరచూ కనిపిస్తుంది. ఆయనది 1891లో పొలమూరులో మొదలైన జీవితం. వేదం, సంస్కృతం తప్ప మరొకటి చదువు కాదనుకునే పండిత కుటుంబంలో పుట్టి, తెలుగు వచనం మీద మనసు పడిన కుర్రవాడి కథను ఆయన ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అనే ఆత్మకథలో చెప్పారు. అభిమానులు సాధారణంగా దాన్నే ముందు చేతికిస్తారు. అయితే ఆయన కథ ఒక్కటీ చదవని మనిషికి, ఆయన రచయిత ఎలా అయ్యారో తెలుసుకోవాలన్న కుతూహలం ఎక్కడి నుంచి వస్తుంది? ముందు ‘గులాబీ అత్తరు’ చదివించండి. తన సరుకు విలువ తెలిసిన ప్రభువు దర్శనం కోసం ఒక అత్తరు వ్యాపారి సంస్థానంలో పడే పాట్లు అందులో కథ. అది నచ్చితే ‘వడ్లగింజలు’ చెప్పండి. పెద్దాపురం సంస్థానంలో చదరంగం చుట్టూ తిరిగే పెద్ద కథ అది, ఆట రాని పాఠకుడు కూడా ఎత్తుకు ఎత్తు లెక్కపెడుతూ చదువుతాడు. ఉద్యోగం మాని వ్యాపారం పెట్టాలా అని తర్జనభర్జన పడుతున్న కుర్రవాడు మీ ఎదుట ఉంటే, ‘మార్గదర్శి’ని వరుస తప్పించి ముందే ఇచ్చినా తప్పులేదు. శ్రీపాద కథ ఎక్కువగా సంభాషణల మీదే నడుస్తుందని, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మొదటి పేజీలో కొంచెం నిదానంగా పోల్చుకోవాలని ముందే చెప్పండి. ఇవన్నీ అయ్యాక ఆత్మకథ చేతికిస్తే అయిదువందల పేజీలు ఉన్నా పాఠకుడు బెదరడు.

ఇలాంటి వరుస మీకు నచ్చిన ప్రతి రచయితకూ తయారు చేసుకోవచ్చు. మూడు మెట్లు చాలు: ఒక కథ, ఒక చిన్న పుస్తకం, ఒక పెద్ద పుస్తకం. ముళ్ళపూడి వెంకటరమణ అయితే ‘బుడుగు’తో మొదలుపెట్టి, ‘ఋణానందలహరి’ మీదుగా, ‘కోతికొమ్మచ్చి’, ‘(ఇం)కోతికొమ్మచ్చి’, ‘ముక్కోతికొమ్మచ్చి’ అనే మూడు భాగాల ఆత్మకథకు చేరవచ్చు. పాత తెలుగు సినిమా అంటే పడిచచ్చేవారు ఉంటే వాళ్ళను నేరుగా ఆత్మకథలోకే దింపేయండి.

ఏమని చెప్పాలి?

పుస్తకం గురించి రెండు మూడు వాక్యాలకు మించి చెప్పకండి. ‘అద్భుతం’, ‘చదివి తీరాల్సిందే’, ‘ఇది చదవకపోతే జీవితమే వృథా’ వంటి మాటలు వినేవారి మీద బరువు పెడతాయి, పుస్తకం గురించి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పవు. కథ ఎవరి గురించి, ఎక్కడ జరుగుతుంది, చదువుతుంటే ఎలా ఉంటుంది అన్న మూడు సంగతులు చాలు. ఉదాహరణకు మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ గురించి ఇలా చెప్పవచ్చు: “మొగల్తూరు కుర్రవాడొకడు బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయలుదేరతాడు. రైలు మొదలు ఓడ దాకా అతనికి అన్నీ కొత్తే, ఆ అమాయకత్వమే హాస్యం. మూడు భాగాలున్నాయి గానీ ముందు మొదటిది చదవండి, మిగతావి మీ ఇష్టం.” ఈ చివరి మాట చాలా ముఖ్యం. ఎక్కడ ఆగిపోయినా పరవాలేదని మీరే చెప్పినప్పుడు పాఠకుడు నిశ్చింతగా మొదలుపెడతాడు.

హెచ్చరించవలసినచోట మొహమాటపడకూడదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ తెలుగులో ఎంతో చర్చ జరిగిన కథల్లో ఒకటి. అయితే దాని ముగింపు తట్టుకోవడం కష్టం, దాన్ని ప్రయాణంలో కాలక్షేపానికని ఎవరికీ ఇవ్వకూడదు. ఇంట్లో ఇటీవల మరణం సంభవించినవారికి, జబ్బుపడి లేచినవారికి పుస్తకం ఎంచేటప్పుడు కథ చివర ఏం జరుగుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. వందేళ్ళ నాటి హాస్యంలో కులాల గురించి, ఆడవాళ్ళ గురించి ఈనాడు ఇబ్బంది కలిగించే మాటలు కొన్ని ఉంటాయి. వాటిని పుస్తకం ఇచ్చేటప్పుడే ఒక్క వాక్యంలో చెప్పేస్తే, పాఠకుడు వాటిని ఆ కాలానికి వదిలేసి ముందుకు వెళతాడు. చెప్పకపోతే అవి మీ అభిరుచి ఖాతాలో పడతాయి.

దొరికే పుస్తకమే చెప్పాలి

మంచి తెలుగు పుస్తకాల్లో చాలా వాటికి మళ్ళీ అచ్చయ్యే యోగం ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. అందువల్ల పేరు చెప్పే ముందు అది ఇప్పుడు దొరుకుతోందో లేదో మీరే చూడండి. విజయవాడ, హైదరాబాదు పెద్ద పుస్తకాల దుకాణాలకు ఒక ఫోను చేస్తే తేలిపోతుంది. కొనేవారికి ప్రచురణకర్త పేరు కూడా చెప్పడం మంచిది, ఎందుకంటే పాత రచనలు ఒక్కొక్కటి రెండు మూడు ముద్రణల్లో ఉంటాయి, వాటిలో కొన్ని సంక్షిప్తాలు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ళ పాటు కాపీహక్కు ఉంటుంది. శ్రీపాద 1961లో మరణించారు కనుక 2022 నుంచి ఆయన రచనలను ఎవరైనా అచ్చు వేయవచ్చు. ఇటువంటప్పుడు తప్పులతడకగా వచ్చిన ముద్రణ కూడా మార్కెట్లో కనిపించవచ్చు, కొనే ముందు ఒక పేజీ చదివి చూడమనండి.

కొనే స్తోమత లేనివారికి శాఖా గ్రంథాలయం ఎలాగూ ఉంది. పాత పుస్తకాలు వెతికే ఓపిక ఉన్నవారికి హైదరాబాదులో ఆదివారంనాటి అబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ ఉన్నాయి. హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి, అక్కడ పాతవీ కొత్తవీ ఒకేచోట చూసుకోవచ్చు. ఒక రచయిత నచ్చుతారో లేదో ఒక్క కథతో తేల్చుకోవాలనుకునేవారికి కాళీపట్నం రామారావు (కారా) 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’ పెద్ద వరం, అక్కడ చేర్చిన కథలను అంతర్జాలంలో కూడా చదువుకోవచ్చు. ఈనాటి రచయితల్లో ఎవరిని చదవాలో తెలియనివారికి 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో వచ్చిన ‘కథ’ వార్షిక సంకలనాల్లో ఏదో ఒక ఏడాదిది ఇవ్వండి. పది పన్నెండు మందిని పరిచయం చేసుకుని, వారిలో ఇద్దరిని వారే ఎంచుకుంటారు.

వాట్సాప్‌లో పుస్తకం పీడీఎఫ్ పంపడం ఇప్పుడు అలవాటైపోయింది. బతికి ఉన్న రచయిత సొంత డబ్బుతో అయిదువందల కాపీలు అచ్చు వేయించుకుని అమ్ముకుంటూ ఉంటే, దాన్ని స్కాన్ చేసి ఊరంతా పంచడాన్ని అభిమానం అనలేం. అదీగాక ఉచితంగా ఫోనులోకి వచ్చి పడిన పుస్తకాన్ని తెరిచి చదివేవారు బహు తక్కువ.

ప్రత్యేకంగా ఆలోచించవలసినవారు

పెద్దవాళ్ళకు పుస్తకం ఇచ్చేటప్పుడు ముందు అక్షరం సైజు చూడండి. పాత పాకెట్ సైజు ముద్రణలు కళ్ళజోడుతో కూడా కష్టమే. సంగీతం మీద అభిరుచి ఉన్న పెద్దవారికి సామల సదాశివ ‘మలయమారుతాలు’ గానీ ‘స్వరలయలు’ గానీ ఇస్తే, హిందుస్తానీ గాయకుల ముచ్చట్లు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. చరిత్ర, దేశాటనం ఇష్టమైతే తిరుమల రామచంద్ర ‘హంపీ నుంచి హరప్పా దాక’ ఉంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ, తెలుగు మాట్లాడగలిగి, అక్షరాలు మాత్రం కూడబలుక్కునే పిల్లల సంగతి వేరు. వాళ్ళకు చాలామంది ‘బుడుగు’ కొనిపెడతారు. పిల్లవాడి పుస్తకం పిల్లలకు సులువే అనుకోవడం సహజం. అయితే బుడుగు మాటలను వంకర తిప్పుతాడు, సరైన మాట ముందే తెలిసినవారికే అందులో నవ్వు దొరుకుతుంది. అక్షరం అక్షరం కలుపుకుంటూ చదివే పిల్లలకు అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. ‘బుడుగు’ను తల్లో తండ్రో పైకి చదివి వినిపించాలి, పక్కనే బాపు బొమ్మలు చూపించాలి. పిల్లలు తామంతట తాము చదవడానికి పేజీకి నాలుగైదు వాక్యాలు మాత్రమే ఉన్న బొమ్మల పుస్తకాలు ఇవ్వండి. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వేసిన వాటిలో ఇలాంటివి చాలా దొరుకుతాయి. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పిల్లల పుస్తకాలను కూడా వారు కొన్ని మళ్ళీ అచ్చు వేశారు. పదేళ్ళు దాటినవారికి నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’ మంచి ఎంపిక. ఇంగ్లీషులో కథ తెలిసి ఉండడం తెలుగు చదవడానికి ఊతమవుతుంది.

ఇచ్చిన తరువాత

పుస్తకం ఇచ్చి వారం తిరక్కుండానే “చదివారా?” అని అడగకండి. ఆ ప్రశ్న రెండుసార్లు ఎదురైతే మనిషి మిమ్మల్ని తప్పించుకు తిరగడం మొదలుపెడతాడు. నెలా రెండు నెలలు ఆగి, మాటల మధ్యలో “ఎందాకా వచ్చింది?” అనండి చాలు. మధ్యలో ఆపేశానంటే బాధపడవలసిన పని లేదు, ఎక్కడ ఆపారో కనుక్కోండి. ఇరవై పేజీల్లోపు ఆపితే భాషో, నడకో పడలేదన్నమాట. సగం దాటాక ఆపితే నిడివి ఎక్కువైందన్నమాట, అదే రచయిత కథలు ఇచ్చి చూడవచ్చు. ఒక రచయితవి రెండు పుస్తకాలు ఇచ్చినా మనసు కుదరలేదంటే ఆ రచయితను అక్కడితో వదిలేసి మరొకరి దగ్గరికి వెళ్ళండి. మీ అభిమాన రచయితను వారికి నచ్చజెప్పే వాదనకు దిగకండి.

నలుగురూ చేరి పుస్తకాలు పంచుకోవాలనుకుంటే, అపార్ట్‌మెంట్‌లో గానీ ఆఫీసులో గానీ, తలా ఒక పుస్తకం తెచ్చి అందులో ఒక్క పేజీ పైకి చదివే పద్ధతి పెట్టుకోండి. ఆ పేజీని ఇంటి దగ్గరే ఎంచి, ఒకసారి చదివి చూసుకుని రావాలి. గురజాడ ‘కన్యాశుల్కం’ ఇలాంటి కూటానికి బాగా అమరుతుంది. 1909లో ఆయన పెంచి వేసిన రూపాన్నే తెచ్చుకుని, పాత్రలు తలా ఒకటి పంచుకుని ఒక రంగం చదివితే, గిరీశం వేషం కోసం పోటీ తప్పదు. చదివాక చర్చ అరగంటకు మించనివ్వకండి, లేకపోతే తరువాతి వారం ఉపన్యాసం ఇచ్చేవారే మిగులుతారు.

చివరిగా, అరువు విషయం. ఇచ్చిన ప్రతి పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి, వారి ఎదుటే రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు. తరచూ అరువుకు వెళ్ళే పుస్తకాలకు రెండో కాపీ కొని ఉంచుకోవడం ఉత్తమం. ఇక ముద్రణ ఆగిపోయి, మీ దగ్గర ఒక్క ప్రతి మాత్రమే ఉన్న పుస్తకాన్ని ఎంత దగ్గరివారు అడిగినా గడప దాటనివ్వకండి. కాఫీ ఇచ్చి, మీ ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించండి.